మంచి మాట కింద దాగిన పని: వ్యంగ్యం ఎట్లా పనిచేస్తుంది?

సెలవుల్లో ఇంటర్, డిగ్రీ పిల్లలకు మా సొసైటీ తరఫున సాహిత్య పాఠాలు చెబుతుంటాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మన పిల్లలు ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు మాట్లాడేవాళ్లు. అందువల్ల రెండు భాషల నుంచీ ఉదాహరణలు తీసుకునే వీలు మాకుంది. అన్ని పాఠాల్లోకీ ఎక్కువ వాదన జరిగేది వ్యంగ్యం దగ్గర. నవ్వొచ్చే పాఠం కదా, తేలిగ్గా అయిపోతుందనుకుంటాం. కాదు. ఎవరో ఒకరు లేచి అడుగుతారు: ఒకరిని చూసి నవ్వడం మంచిది కాదని చిన్నప్పటి నుంచి మాకు నేర్పారు గదా, రచయితలకు మాత్రం అది ఎట్లా చెల్లుతుంది?

సరైన ప్రశ్నే. ఖుర్‌ఆన్ 49వ సూరా అల్ హుజురాత్, 11వ ఆయత్ ఒక సమూహం మరో సమూహాన్ని ఎగతాళి చేయవద్దంటుంది. ఎగతాళికి గురైనవాళ్లే మేలైనవాళ్లు కావచ్చునని కారణం కూడా చెబుతుంది. ఎద్దేవా పేర్లు పెట్టి పిలవడాన్నీ అక్కడే వారిస్తుంది. తర్వాతి ఆయత్ మనిషి చాటున చెడు మాట్లాడడం గురించి. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు వ్యంగ్యం రాసేవాడు ఏ ధైర్యంతో కలం పడతాడు? క్లాసులో మేం చెప్పే జవాబునే ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తున్నాం.

ముందు మాటల సంగతి. హాస్యం, ఎగతాళి, వ్యంగ్యం, అధిక్షేపం అని తెలుగులో వేరువేరు మాటలున్నాయి. ఉర్దూలో మిజాహ్ అంటే హాస్యం, హజ్వ్ అంటే ఒక మనిషిని పట్టుకుని తిట్టే కవిత్వం, తంజ్ అంటే వ్యంగ్యం. అరటి తొక్క మీద కాలు జారిన మనిషిని చూసి నవ్వితే అది హాస్యం. అతడి కుంటికాలును చూసి నవ్వితే ఎగతాళి. తొక్కలు తీయించాల్సిన పదవిలో ఉండి, రోడ్డు అద్దంలా ఉందని ఉపన్యాసం ఇస్తూ అదే తొక్క మీద జారినవాణ్ణి చూపిస్తే అప్పుడది వ్యంగ్యం. మూడింటిలోనూ పడడం ఉంది, నవ్వు ఉంది. మూడోదాంట్లో మాత్రం ఒక అబద్ధం బయటపడింది.

వ్యంగ్యం అనే మాటకు మన అలంకార శాస్త్రంలో ఉన్న అర్థం కూడా ఇక్కడ పనికొస్తుంది. పైకి చెప్పిన మాట ఒకటి, దాని వెనుక నుంచి తోచే మాట ఇంకొకటి. ఆ రెండో మాటను రచయిత చెప్పడు. వినేవాడే చెప్పుకోవాలి.

పిట్టల దొర

దీన్ని మన ఊళ్లలో అందరికంటే బాగా తెలిసినవాడు పిట్టల దొర. తుపాకి రాముడనీ, లత్కోర్ సాబ్ అనీ కూడా అంటారు. చిరిగిన ఖాకీ కోటు, తలమీద టోపీ, భుజాన కట్టె తుపాకి. ఊళ్లోకి వచ్చి నిలబడి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ముక్కలు కలగలిపి కోతలు మొదలుపెడతాడు. లేని భూములు, లేని బంగళాలు, తన ఇంట్లో జరగని పెళ్లి వైభోగం. పిల్లలు వెంటపడి నవ్వుతారు, పెద్దలు గుప్పెడు గింజలు పెడతారు.

లత్కోర్ అనే మాటను ఒక్కసారి విప్పి చూడండి. ఉర్దూ తెలిసిన మన పిల్లలకు వెంటనే తడుతుంది. లాత్ అంటే తన్ను, ఖోర్ అంటే తినేవాడు. తన్నులు తినేవాడే సాబు! ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టిన అజ్ఞాత పల్లెటూరి మనిషికి వ్యంగ్యం గురించి మేం చెప్పగలిగింది ఏమీ లేదు.

జనం మొదట నవ్వేది ఆ చిరుగుల కోటును చూసి, ఆ కోతలు విని. కానీ ఆ కోతలు వాళ్లకు కొత్తవి కావు. గడీలో కూచున్న అసలు దొర దర్పంలో ఆ ధోరణే ఉంది. అక్కడ నవ్వితే వీపు చిట్లుతుంది. ఇక్కడ నవ్వొచ్చు. కోటు చిరిగింది, తుపాకి కట్టెది, కనుక దొరతనం ఒక వేషమని కళ్ల ముందే తేలిపోతుంది. కోటు చిరగనివాడిది మాత్రం వేషం కాదా అన్న ప్రశ్నను పిట్టల దొర నోటితో అడగడు. అడిగితే అతడికి ఆ ఊళ్లో గింజలు పుట్టవు. ప్రశ్నను జనం దగ్గర వదిలేసి పక్క ఊరికి పోతాడు.

పదకొండు కాయలు, పన్నెండుమంది

ఇదే పనిని అచ్చులో చేసినవాళ్లలో మన పాలమూరు జిల్లా పెద్దాయన సురవరం ప్రతాపరెడ్డి ఒకరు. గద్వాల ప్రాంతంవారు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టి నడిపిన సంపాదకుడుగా, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రచయితగా ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన మొగలాయి కథలు కూడా రాశారన్న సంగతి పిల్లలకు అంతగా తెలియదు. మొగలాయి అంటే ఆ రోజుల్లో జనం వాడుకలో అడ్డూ అదుపూ లేని సర్కారు తీరు. నిజాం కాలపు పాలనలోని మామూళ్లు, అధికారుల ఆర్భాటం ఆ కథల్లో నవ్వుల పాలవుతాయి.

ఆ కథల్లో ఒకదాని పేరు గ్యారా కద్దూ బారా కొత్వాల్. పదకొండు గుమ్మడికాయలు, పన్నెండుమంది కొత్వాళ్లు. కథ చదవకముందే పేరులో లెక్క ఉంది. తలా ఒక కాయ పుచ్చుకుంటే పన్నెండోవాడికి లేదు. అమ్ముకుందామని తెచ్చినవాడికి ఎట్లాగూ లేదు. ఇక పన్నెండోవాడి ముందు నిలబడ్డ ఆ మనిషి గతి ఏమిటి? రాజ్యంలో లంచగొండితనం పెరిగిపోయిందని రాస్తే చదివినవాడు అవునని తలూపి పేజీ తిప్పేస్తాడు. పదకొండు, పన్నెండు అంటే వేళ్ల మీద తీసివేత చేస్తాడు. చేసేసరికి నేరం రుజువైపోతుంది. తీర్పు చెప్పింది రచయిత కాదు, లెక్క.

ఇంకో సంగతి గమనించండి. అందులో ఫలానా అధికారి అని వేలెత్తి చూపడం లేదు. గుమ్మడికాయ మీద ఎవరూ కేసు పెట్టలేరు.

రచయితలు వ్యంగ్యాన్ని ఎందుకు ఎంచుకుంటారనేదానికి మొదటి కారణం అదే. సూటిగా చెబితే ప్రాణం మీదికి వచ్చే కాలాలుంటాయి. షోయబుల్లా ఖాన్ సంగతి మన పిల్లలందరికీ తెలియాలి. తేజ్ పత్రిక, తర్వాత మందుముల నర్సింగరావు గారి రయ్యత్ పత్రిక ప్రభుత్వ ఆగ్రహానికి మూతపడ్డాక, ఆయన ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక తెచ్చి రజాకార్ల దౌర్జన్యాల మీద దాపరికం లేని సంపాదకీయాలు రాశారు. హైదరాబాదులో రాత్రివేళ దాడి చేసి చెయ్యి నరికారు. 1948 ఆగస్టు 22న చనిపోయారు. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన రాసింది వ్యంగ్యం కాదు, నేరుగా మాట్లాడిన మాట. అంత ధైర్యం అందరికీ ఉండదు, ఉండాలని అడిగే హక్కు కూడా మనకు లేదు. ధైర్యం ఉన్నవాడికైనా మర్నాడు మళ్లీ రాయడానికి చెయ్యి మిగలాలి. అందుకని పిట్టల దొర కోటు తొడుక్కుంటారు.

అయితే భయం ఒక్కటే కారణమైతే, భయం లేని చోట వ్యంగ్యం అక్కర లేకుండా పోవాలి. అట్లా జరగలేదు. ఎవరూ చెయ్యి నరకని విషయాల్లో కూడా సూటి మాట పనిచేయని చోట్లు ఉన్నాయి. మన ఇళ్లలోనే ఉంది ఒకటి.

ఘోడే జోడే కీ రఖం

కట్నం వద్దని మన మస్జిదుల్లో ఎన్ని జుమా ప్రసంగాలు జరిగాయో లెక్క లేదు. నికాహ్‌లో మహర్ ఇవ్వాల్సింది పెళ్లికొడుకు. ఇవ్వాల్సినవాడు పుచ్చుకుంటున్నాడని అందరికీ తెలుసు. ప్రసంగం విన్న మనిషి బయటికొచ్చి చెప్పులేసుకుంటూ మౌలానా బాగా చెప్పాడంటాడు. సాయంత్రం సంబంధం మాట్లాడడానికి పోతాడు. తాను కట్నం తీసుకుంటున్నానని అతడు అనుకోవడం లేదు మరి. తన పనికి అతడి దగ్గర వేరే పేరుంది. పూర్వం ఘోడే జోడే కీ రఖం అనేవారు, గుర్రానికీ పెళ్లి బట్టలకూ అని. గుర్రం ఎప్పుడో పోయింది, దాని రఖం మాత్రం బతికే ఉంది. ఇప్పుడది బుల్లెట్ బండిగానో ప్లాటుగానో ఇంటికి వస్తుంది.

ఈ విషయం మీద సులేమాన్ ఖతీబ్ రాసిన ఛోరా ఛోరీ కవితను దక్కనీ మాట్లాడే ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన 1922లో బీదర్ జిల్లా చిటగుప్పలో పుట్టారు, 1978లో కన్నుమూశారు. కేవ్డే కా బన్ ఆయన కవితల పుస్తకం. నక్కో, హౌ, కైకూ అనే మాటల్ని చదువుకున్నవాళ్లు మొరటు అనుకునే కాలంలో, ఆ మాటలతోనే ముషాయిరాల్లో వేలమందిని కూచోబెట్టారు. ఛోరా ఛోరీ ఒక పెళ్లి బేరం. పిల్లవాడి వైపువాళ్లు మాట్లాడుతుంటే జనం పగలబడి నవ్వుతారు, ఎందుకంటే ఆ గొంతు ప్రతి ఇంట్లో ఉన్నదే. పిల్ల వైపు మాట వచ్చేసరికి ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది. మధ్యలో కవి లేచి నిలబడి ఇది తప్పు అనాల్సిన పని పడదు.

కవితను ఇక్కడ ఎత్తి రాయం, దాన్ని దక్కనీలోనే వినాలి. పాఠం కోసం మేమే ఒక చిన్న నమూనా కట్టాం. పెళ్లికొడుకు తండ్రి మాట్లాడుతున్నాడనుకోండి:

"భాయీసాబ్, మాకేమీ వద్దు. అల్లా దయవల్ల అన్నీ ఉన్నాయి. కట్నం అనే మాట మా ఇంట్లో ఎత్తం, అది హరామ్. మీ పిల్లకు మీరేదైనా ఇచ్చుకుంటే అది మీ ఖుషీ. మా పెద్దోడి పెళ్లికి వాళ్లు ఖుషీ కొద్దీ కారు ఇచ్చారు. రెండోవాడికి వాళ్ల ఖుషీ ప్లాటు. చిన్నోడేమో అందరికంటే ఎక్కువ చదివాడు. వాడి దగ్గర మీ ఖుషీ తక్కువైతే జనం మిమ్మల్ని ఏమన్నా అనుకుంటారేమోనని మా భయం, అంతే. షాదీఖానా మాత్రం కొంచెం పెద్దది చూడండి. మా వైపు నుంచి అయిదొందలమందే. సాదాగా చేద్దామనుకున్నాం."

దీన్ని క్లాసులో చదివితే పిల్లలు మొదట ఖుషీ అనే మాట దగ్గర నవ్వరు. రెండోసారి వచ్చినప్పుడు కొందరు, మూడోసారి అందరూ. మాట ఒక్కటే, దాని కింద మొదట ఏమీ లేదు, తర్వాత కారు, తర్వాత ప్లాటు. ఆ మనిషి నోట చెడ్డ మాట ఒక్కటీ రాలేదు. తన లెక్కలో అతడు అబద్ధమాడడం లేదు కూడా. అతణ్ణి పిసినారి అనో దురాశాపరుడు అనో మేం అనలేదు. నమూనా చివర ఇట్లాంటివాళ్లకు బుద్ధి రావాలి అని ఒక్క వాక్యం చేర్చి మళ్లీ చదివిస్తాం. చచ్చిపోతుంది. వినేవాడు తేల్చుకోవాల్సింది మనం తేల్చేశాం, ఇక అతడికి పని లేదు.

మొదటి ప్రశ్నకు మా జవాబు ఇక్కడ మొదలవుతుంది. చెడ్డ పని ఎప్పుడూ తన పేరుతో రాదు. ఒక మంచి మాటను కప్పుకొని వస్తుంది. దొర దౌర్జన్యం హోదాను కప్పుకుంటుంది, కొత్వాలు దోపిడీ మామూలును, కట్నం ఖుషీని. వ్యంగ్యం చేసే పని ఆ మంచి మాటను పట్టుకుని లాగడం. ఎగతాళి మనిషి ఒంటి మీది పరువును లాగుతుంది. రెండూ చేతులతోనే చేస్తారు, పైకి ఒకేలా కనిపిస్తాయి. ఒకటి వద్దని మనకు చెప్పారు. రెండోది అబద్ధాన్ని అబద్ధమని చూపించడం, దాన్ని ఎవరూ వద్దనలేదు.

ఛోరా ఛోరీ విన్నవాళ్లంతా కట్నం మానేశారా అని పిల్లలు అడుగుతారు. మానలేదు. ముషాయిరాలో కళ్లనీళ్లు వచ్చేలా నవ్వినవాడే మర్నాడు రఖం లెక్కపెట్టుకున్నాడు. వ్యంగ్యం మీద అంత భారం వేయడం మాకు ఇష్టం లేదు. కానీ ఆ కవిత తెలిసిన ఇంట్లో ఖుషీ అనే మాటను ఇదివరకటిలా నిండు మొహంతో అనడం కష్టం. ఎవరో ఒక పడుచుపిల్ల కిసుక్కున నవ్వుతుంది. అదే పెళ్లి విషయంలో, అటువైపు నుంచి, గురజాడ చేసిందీ అదే. 1892లో విజయనగరంలో మొదట ఆడిన కన్యాశుల్కం ఆడపిల్లను ముసలివాడికి అమ్ముకునే ఆచారం మీద. గిరీశం ఇంగ్లీషు చదువునూ సంఘ సంస్కరణనూ కప్పుకుని తిరిగే మనిషి. ఆ నాటకం వచ్చాక ఉపన్యాసాలిచ్చే ప్రతివాడూ వీడు గిరీశం కాదు గదా అనే చూపును తట్టుకోవాల్సి వచ్చింది.

దూరం నుంచి రెండు ఉదాహరణలు

పాత అరబ్బీ సాహిత్యంలో అల్ జాహిజ్ అనే మహా రచయిత ఉన్నాడు. బస్రావాడు, తొమ్మిదో శతాబ్దం. ఆయన కితాబుల్ బుఖలా పూర్తిగా పిసినారుల మీద రాసిన పుస్తకం. మన సొసైటీకి చందాలు వసూలు చేసే కార్యకర్తలు తప్పక చదవాల్సిన పుస్తకమని మా అభిప్రాయం. అందులో మర్వ్ పట్నం మనిషి ఒకడు ప్రతిసారీ ఇరాక్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో దిగి, తిని, మీరు మా ఊరొస్తే ఈ రుణం తీర్చుకుంటానని చెబుతుంటాడు. కొన్నాళ్లకు ఇరాక్ మనిషి నిజంగానే మర్వ్ వెళతాడు. ఆ పెద్దమనిషి గుర్తుపట్టడు. ముఖానికి గుడ్డ ఉంది కదా అని అతిథి గుడ్డ తీస్తాడు, తర్వాత తలపాగా, తర్వాత టోపీ. ఇక దాపరికం కుదరదని తెలిసి ఇంటాయన అంటాడు, నువ్వు చర్మం విప్పుకుని వచ్చినా నిన్ను గుర్తుపట్టను అని. పిసినారితనం తప్పని జాహిజ్ ఉపదేశించలేదు. అతిథి ఒక్కొక్కటి తీసేస్తుంటే ఊడిపోతున్నది అవతలివాడి ముసుగు.

రెండోవాడు జొనాథన్ స్విఫ్ట్, డబ్లిన్‌లో చర్చి పెద్ద. 1729లో ఐర్లండు పేదరికం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. పేదల పిల్లల్ని ఏడాది నిండాక ధనికులకు మాంసంగా అమ్మితే దేశానికి లాభమని, ధరలతో సహా, ఆర్థికవేత్త గొంతుతో చల్లగా ప్రతిపాదించాడు. పేదల్ని అంకెలుగా చూసేవాళ్ల మాటతీరునే తీసుకుని దాని చివరిదాకా నడిపించాడు. తన ఆస్తిని మానసిక రోగుల ఆసుపత్రి కోసం రాసిపెట్టి పోయిన మనిషి ఇతడే. కటువుగా రాసేవాళ్లకు గుండె ఉండదనుకునే పెద్దలకు ఈ సంగతి చెప్పాలి.

అటువంటి రచనను ముందువెనుకలు తీసేసి నాలుగు వాక్యాలు వాట్సాప్‌లో పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. వ్యంగ్యానికి చట్రం కావాలి. ఎవరు, ఎవరి గొంతుతో, ఎక్కడ మాట్లాడుతున్నారో తెలియకపోతే మాట తలకిందులవుతుంది. అందుకే పిల్లలకు చెబుతాం, వ్యంగ్యం అనిపించిన ముక్కను పూర్తిగా చదవకుండా ముందుకు పంపొద్దని.

గిల్లీ, డండా, ఖామఖా

ఉర్దూ కవులకు తఖల్లుస్ పెట్టుకునే అలవాటుంది. గంభీరమైన కవులు వెలుగు, దుఃఖం, వసంతం లాంటి అర్థాలున్న పేర్లు పెట్టుకుంటారు. మన దక్కనీ హాస్య కవుల పేర్లు చూడండి: సర్వర్ డండా, పాగల్ ఆదిలాబాదీ, గౌస్ ఖామఖా. కర్ర, పిచ్చివాడు, ఊరికే! మన దగ్గరి నుంచి గిల్లీ నల్గొండవీ, చచా పాల్మూరీ. గిల్లీదండా ఆడే గిల్లీకి నల్లగొండను తగిలించుకున్నారొకరు. ఇంకొకరు జిల్లాకు నవాబుగారి పేరొచ్చి వందేళ్లు దాటినా పాత పాలమూరునే పట్టుకున్నారు.

ఇది కేవలం సరదా కాదని మేమంటాం. పేరులోనే తనను తాను దించుకున్నాడు గనుక వినేవాడు కాపలా దించుతాడు. పిట్టల దొర చిరుగుల కోటు చేసే పనే ఇది. మనల్ని అనడానికి ఒక మహానుభావుడు వస్తున్నాడంటే మనం కవచం వేసుకుంటాం. ఒక గిల్లీ వస్తే వేసుకోం.

హైదరాబాదులో 1960ల తొలినాళ్లలో ఇట్లాంటివాళ్లంతా జిందా దిలానే హైదరాబాద్ పేరుతో కూడారు. ఉర్దూ హాస్య వ్యంగ్యాలకే అంకితమైన షుగూఫా మాసపత్రిక 1968 నుంచి వచ్చింది. ఆ గుంపులో అందరికంటే దూరం పోయినవారు ముజ్తబా హుసేన్. 1936లో గుల్బర్గా ప్రాంతంలో పుట్టారు. 1962లో సియాసత్ దినపత్రికలో హాస్య శీర్షిక రాసే షాహిద్ సిద్దీఖీ చనిపోతే, ఆ ఖాళీ నింపమని ఈయనకు పురమాయించారు. అట్లా మొదలైన కలం 2020లో ఆయన పోయేదాకా ఆగలేదు. 2007లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆయన వ్యాసాల్లో చెదల రాణితో ముఖాముఖి ఒకటి ఉంది. ఒక పాత గ్రంథాలయంలో ఉర్దూ పుస్తకాల మధ్య చెదపురుగుల రాణి కనబడి రచయితతో మాట్లాడుతుంది. ఆమెకు అక్కడ చాలా సుఖంగా ఉంది. మనుషులెవరూ వచ్చి ఇబ్బంది పెట్టరు కదా! ఉర్దూ మా ప్రాణం, ఉర్దూ మా సంస్కృతి అని సభల్లో గొంతు చించుకునే మనం ఆ పుస్తకాల్ని ఎవరికి వదిలేశామో ఒక పురుగు చెబుతోంది. ముజ్తబా సర్కారును తిట్టొచ్చు, అది తేలిక, చప్పట్లు కూడా పడతాయి. ఆయన మనవైపు తిరిగారు. తనను కూడా అందులో కలుపుకున్నారు.

వ్యంగ్యం రాసేవాడి దెబ్బ అందే దూరంలో అతడి ఇల్లు కూడా ఉండాలని మా పాఠంలో గట్టిగా చెబుతాం. ధర్మకార్యాల సంగతే తీసుకోండి. ఒక దుప్పటి, దాన్ని నాలుగు మూలలా పట్టుకున్న నలుగురు పెద్దమనుషులు, మధ్యలో దాన్ని అందుకోవాల్సిన బేవా అవ్వ. నలుగురూ కెమెరాను చూస్తున్నారు, అవ్వ దుప్పటిని చూస్తోంది. ఇట్లాంటి ఫోటో లేని సావనీరు మా కంటపడలేదు. దాని మీద ఒక పేజీ రాయమని పిల్లలకు ఇస్తే సొసైటీ పెద్దలు ఏమంటారో చూడాలని మాకుంది.

కిందికి పోయే నవ్వు

దీనికి తలకిందులుగా నడిచే నవ్వు కూడా మనకు బాగా తెలుసు. తెలుగు సినిమాల్లో చాలా ఏళ్లపాటు తెలంగాణ యాస రౌడీకో పనివాడికో దక్కింది. సాయిబు పాత్ర అంటే వచ్చీరాని తెలుగు, అది విని అందరూ నవ్వడం. అందులో బయటపడిన అబద్ధం ఏముంది? ఒక మనిషికి రెండో భాష సరిగా రాలేదు, అంతే. ఆ నవ్వినవాళ్లలో చాలామందికి మన భాష ఒక్క ముక్క రాదు. 49వ సూరా వారించింది సరిగ్గా ఈ నవ్వునే. దీనికి వ్యంగ్యం అని పేరు పెట్టుకున్నా అది ఎగతాళే.

అట్లా నవ్వు కింద పడినవాళ్లు అదే ఆయుధాన్ని తిప్పి పట్టుకున్న సందర్భం కూడా ఉంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ అనే దీర్ఘ కవిత వచ్చింది. క్రికెట్ మ్యాచ్‌లో ఎవరి వైపున్నావన్నదే దేశభక్తికి గీటురాయి చేసిన పద్ధతిని అందులో కవి కోపంగా ఖండించడం కంటే, ఆ తర్కాన్ని తన మీద తానే వేసుకుని చూపించారు. 1998లో మన నల్లగొండ నుంచే స్కైబాబ సంపాదకత్వంలో జల్‌జలా కవితా సంకలనం వచ్చింది. ముస్లింలు తెలుగులో తమ గురించి తాము చెప్పుకున్న ఆ కవిత్వంలో దుఃఖం పాలే ఎక్కువ. చురుక్కుమనిపించే చోట్లు ఏవో ఏరి చూపమని పిల్లలకు చెబుతుంటాం. బయటివాళ్ల అనుమానాన్నే కాక, మన లోపలి ఎక్కువ తక్కువల్ని ప్రశ్నించే కవులు కూడా ఆ తరంలో వచ్చారు. చెదల రాణి దగ్గర చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది.

ఈసారి పిల్లలకు ఇచ్చిన పని ఇది. పెళ్లికొడుకు మేనమామ గొంతులో ఒక పేజీ రాయాలి. అతడు సంబంధం కుదిర్చిన మనిషి, తాను గొప్ప పుణ్యకార్యం చేశానని నమ్ముతున్నాడు. కట్నం, దురాశ, అన్యాయం అనే మాటలు రాయకూడదు. ఫలానా ఇల్లు అని గుర్తుపట్టే ఆనవాళ్లు ఉండకూడదు. తెలుగులో రాసినా దక్కనీలో రాసినా సరే. రాశాక ఇంట్లో దాదీకో నానీకో చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వు ఆపారో పేజీ పక్కన గీత గీసి తేవాలి.